సత్యాగ్రహం మీద గంట ప్రసంగం: మహిమలొద్దు, పని ఎలా నడిచిందో కావాలి

తిరువల్లిక్కేణి_రాఘవ
ఈ నెలాఖరు ఆదివారం టి.నగర్‌లో మా తెలుగు పాఠకుల కూటమి. అరవై మంది పట్టే హాలు, గంట సమయం, గోడకి ఆరు చార్టులు. ఒక ఆధ్యాత్మిక మనిషి మొదలుపెట్టిన అహింసా పోరాటం మిగతా ప్రపంచానికి ఎందుకు పనికొచ్చింది అన్నది విషయం. గాంధీ పేరెత్తగానే సగం మంది చేతులు జోడిస్తారు, మిగతా సగం ఫోన్ తీస్తారు. ఇద్దర్నీ కూర్చోబెట్టాలంటే పని వివరాలే దారి. ఎంతమంది నడిచారు, ఏం తిన్నారు, ఏ నియమం పెట్టుకున్నారు, ఎక్కడ బెడిసికొట్టింది? తెలిసినవాళ్ళు తలా ఒక చెయ్యి వేయండి.

ఉప్పుమడి
రాఘవ గారూ, ఉప్పుతో మొదలుపెట్టండి. అయితే లెక్క సరిగా వేసుకోండి, తెలుగు ప్రసంగాల్లో ఎప్పుడూ తప్పే చోటు ఇదే. 1930లో పన్ను మణుగుకి రూపాయి నాలుగణాలు. ఆ మణుగు మన మద్రాసు మణుగు కాదు. మద్రాసు మణుగు 25 పౌన్లు, సర్కారు లెక్కలోది 82 పౌన్లకి పైన, అంటే 37 కిలోలు చిల్లర. మద్రాసు మణుగుతో లెక్కేస్తే పన్ను మూడింతలై కూర్చుంటుంది. ముందు వరసలో ఒక పెద్దాయన లేచి పట్టుకున్నాడంటే మీ గంట అక్కడే సరి.

రూపాయి నాలుగణాలంటే 240 పైలు, అణాకి పన్నెండు పైల లెక్కన. 37 కిలోలకి పంచితే కిలోకి ఆరున్నర పైలు, అర్ధణాకి కొంచెం పైన. మనిషి ఏడాదికి ఆరు కిలోలు తింటాడనుకుంటే మూడణాల చిల్లర. ఐదుగురున్న ఇంటికి ఏడాదికి రూపాయి. మొత్తం చూస్తే చిన్నదే. కాంగ్రెస్‌లోనే చాలామంది ‘ఉప్పా?’ అని పెదవి విరిచింది అందుకే. కానీ ఆ చట్టాన్ని ఉల్లంఘించడానికి తుపాకీ అక్కర్లేదు, చదువక్కర్లేదు, డబ్బక్కర్లేదు. ఒడ్డున వంగి గుప్పెడు తీస్తే చాలు. ముసలమ్మని ఉప్పు తీసినందుకు అరెస్టు చేస్తే సర్కారు పరువు పోతుంది, చెయ్యకపోతే చట్టం పోతుంది. గురి ఎంచుకోవడమంటే అదీ.

తిరువల్లిక్కేణి_రాఘవ
బాగుంది. స్టేజి మీద సముద్రపు నీళ్ళు కాచి చూపిద్దామా?

ఉప్పుమడి
చూపించొచ్చు, రుచి మాత్రం చూపించకండి. మెరీనా నీళ్ళలో కలిసేవి అన్నీ ఇన్నీ కావు. లీటరు సముద్రపు నీటిలో మొత్తం లవణాలు 35 గ్రాములు ఉంటాయి, అందులో తినే ఉప్పు 27 గ్రాముల దాకా. గంటలో లీటరు నీళ్ళు ఇగరవు, ఇంట్లోనే పావు లీటరుకి దించి తెచ్చుకోండి. కాగుతుంటే ముందు తెల్లగా మసకలా అడుగుకి చేరేది జిప్సం. తర్వాత గళ్ళు కడుతుంది, అది ఉప్పు. కొంచెం నీరు ఉండగానే దించెయ్యాలి. ఆ ఆఖరి నీటిలో మెగ్నీషియం లవణాలుంటాయి, చేదు. అడుగంటే దాకా ఇగరబెడితే ఆ చేదంతా ఉప్పులోకే వస్తుంది, పైగా చెన్నై గాలికి పది నిమిషాల్లో చెమ్మగిల్లి ముద్దవుతుంది. ఉప్పు మళ్ళలో కూడా చివరి చేదు నీటిని వదిలేసేది ఇందుకే. 1930లో ఊళ్ళలో కుండల్లో కాచినవాళ్ళకి ఇది తెలియని చోట తయారైంది నోట్లో పెట్టుకోలేని ఉప్పు. చట్టం మాత్రం ఉల్లంఘించినట్టే, అది వేరే సంగతి.

మైలాపూర్_వేదవతి
దండి గురించి నాలుగు ముక్కలు. 1930 మార్చి 12న సబర్మతి నుంచి గాంధీతో బయల్దేరింది 78 మంది. దారి 240 మైళ్ళు, 24 రోజులు, సగటున రోజుకి పది మైళ్ళు. ఆ 78 మందీ ఆశ్రమ క్రమశిక్షణలో మెలిగినవాళ్ళు. పేర్లు ముందే పత్రికలో అచ్చువేశారు, అంటే ఎవర్ని పట్టుకోవాలో సర్కారుకి గాంధీయే చెప్పాడు. మార్చి 2న వైస్రాయికి ఉత్తరం కూడా వెళ్ళింది. దాపరికం లేకపోవడం మంచితనం మాత్రమే కాదు, పద్ధతిలో భాగం. రహస్యం లేనిచోట గూఢచారికి పనుండదు.

ముందు నడిచే కుర్రాళ్ళ దళం ఒకటి ఉండేది, గుజరాత్ విద్యాపీఠం విద్యార్థులు. ప్రతి ఊళ్ళో వాళ్ళు సేకరించే వివరాలు చూడండి: జనాభా ఎంత, ఆడామగా ఎంతమంది, హిందువులెందరు ముస్లింలెందరు, అంటరానివాళ్ళనబడే వాళ్ళెందరు, బడి ఉందా, రాట్నాలెన్ని, శిస్తు ఎంత, ఆవులూ గేదెలూ ఎన్ని, ఉప్పు ఎంత వాడతారు. సాయంత్రం గాంధీ ప్రసంగంలో ఆ ఊరి లెక్క ఆ ఊరికే వినిపిస్తుంది. ఈ ఒక్కటీ చార్టు మీద పెద్దక్షరాలతో రాయించండి.

బెడిసింది కూడా చెప్పాలి. మార్చి 29న భట్‌గామ్‌లో గాంధీ సొంత దళాన్నే చీల్చి చెండాడాడు. సూరత్ నుంచి మోటారులో పాలు తెప్పించారని, రాత్రి కూలీల నెత్తిన బరువైన కిరసనాయిలు దీపాలు మోయించారని. ‘పేదల తరఫున నడుస్తూ పేదవాడి నెత్తినే దీపం పెడతామా’ అన్నది ఆ కోపం సారాంశం.

పెరంబూర్_ఎల్లయ్య
వేదారణ్యం వదిలేస్తే చెన్నైలో చెప్పే ప్రసంగం ఎందుకండీ? దండికి జోడుగా తమిళనాట రాజాజీ నడిపింది. 1930 ఏప్రిల్ 13న తిరుచ్చిలో బయల్దేరారు, సుమారు వంద మంది, 150 మైళ్ళు, నెలాఖరుకి వేదారణ్యం. 30న రాజాజీ అరెస్టు.

తంజావూరు కలెక్టరు థోర్న్ తెలివైనవాడు. నడిచేవాళ్ళని కొట్టలేదు. వాళ్ళకి అన్నం పెట్టినా, పడుకోను చోటిచ్చినా ఆరు నెలల జైలని దండోరా వేయించాడు. గొంతు మీద కాదు, కడుపు మీద కాలు పెట్టాడు. ఊళ్ళవాళ్ళు ఏం చేశారంటే, అన్నం పొట్లాలు దారి పక్క చెట్ల కొమ్మలకి కట్టి వెళ్ళిపోయారు. పెట్టినవాడు కనపడడు, తిన్నవాడు కనపడతాడు. చట్టంలో ‘తిన్నందుకు’ శిక్ష లేదు.

ఇక్కడ గమనించాల్సింది: ఊరేగింపులో వందమందే, కానీ చెట్టుకి పొట్లం కట్టిన చేతులు ఎన్నో. అహింసా పోరాటంలో బలం లెక్కపెట్టాల్సింది అక్కడ.

ఓడరేవు
అన్నం సంగతి వచ్చింది కాబట్టి ఇంకా వెనక్కి వెళ్దాం. 1913 దక్షిణాఫ్రికా. మద్రాసు రేవుకి నేరుగా సంబంధం ఉంది. నాటాల్ చెరుకు తోటలకి మొదటి ఓడ ‘ట్రూరో’ 1860లో ఇక్కడినుంచే వెళ్ళింది, నవంబర్ 16న డర్బన్ చేరింది. తర్వాత వెళ్ళినవాళ్ళలో తమిళులూ తెలుగువాళ్ళూ చాలామంది. కూలి ఒప్పందం గడువు అయ్యాక కూడా అక్కడే ఉండిపోతే తలకి ఏడాదికి 3 పౌన్ల పన్ను.

న్యూకాసిల్ బొగ్గు గనుల్లో పని ఆపించి, 1913 నవంబర్ 6న ట్రాన్స్‌వాల్ సరిహద్దు వైపు నడిచింది 2037 మంది మగవాళ్ళు, 127 మంది ఆడవాళ్ళు, 57 మంది పిల్లలు. రేషను: తలకి రోజుకి పౌనున్నర రొట్టె, ఔన్సు పంచదార. అంతే. కూర లేదు, పప్పు లేదు. రొట్టె ఎందుకంటే దారిలో వండాలంటే పాత్రలు మొయ్యాలి, కట్టెలు వెతకాలి, రెండువేల మందిని గంటలకొద్దీ ఆపాలి. ఆగిన జనం గొడవ పడతారు. అందుకని వోక్స్‌రస్ట్ ఊళ్ళో ఒక రొట్టెల దుకాణంతో ముందే మాట్లాడుకున్నారు. ఆ తెల్ల దుకాణదారే మాట తప్పకుండా పంపాడు.

గాంధీని నాలుగు రోజుల్లో మూడుసార్లు అరెస్టు చేశారు. నడక మాత్రం ఆగలేదు. నాయకుణ్ణి తీసేసినా నడిచే ఏర్పాటు అది. 1914లో 3 పౌన్ల పన్ను పోయింది. తిల్లైయాడి వల్లియమ్మ జైలు జ్వరంతో ఆ ఫిబ్రవరిలో పోయింది, పదహారేళ్ళ పిల్ల. కో-ఆప్టెక్స్ వాళ్ళ ‘తిల్లైయాడి వల్లియమ్మై మాళిగై’ బోర్డు ఎగ్మూరులో చూసేవుంటారు, ఆ పేరు ఎవరిదో మీ శ్రోతలకి చెప్పండి.

తర్కం_అడయార్
అందరూ ఒకే పాట పాడుతున్నారు కాబట్టి నేను అపస్వరం. ఇదంతా ఎదుటివాడికి కోర్టులు, పత్రికలు, పార్లమెంటు ఉన్నప్పుడే సాగుతుంది. మెత్తటి శత్రువు దొరికాడు, గెలిచారు. ‘ప్రపంచానికి’ పనికొచ్చింది అనేముందు ఇది తేల్చండి.

పెరంబూర్_ఎల్లయ్య
మెత్తటి శత్రువా? 1919 ఏప్రిల్ 13 జలియన్‌వాలా బాగ్ ఎవరి పని? 1930 ఏప్రిల్ 23 పెషావర్ కిస్సాఖ్వానీ బజారు? అక్కడ నిలబడింది అబ్దుల్ గఫార్ ఖాన్ ఖుదాయీ ఖిద్మత్‌గార్లు. 1929లో పెట్టిన దళం, ఇటుక రంగు చొక్కాలు. ఆయన మతనిష్ఠ గల పఠాన్, ప్రతిజ్ఞ దేవుడి పేరు మీద: పగ తీర్చుకోను, రోజుకి కనీసం రెండు గంటలు సేవ చేస్తాను. పగకి పగ అనే ఆచారం ఉన్న చోట ఆ మొదటి మాట ఎంత బరువో ఊహించండి. కాల్పులు జరిగిన రోజున గఢ్వాల్ రైఫిల్స్ సిపాయిలు కొందరు, చంద్రసింగ్ గఢ్వాలీ మొదలైనవాళ్ళు, నిరాయుధుల మీద కాల్చం అన్నారు. కోర్టు మార్షల్ అయ్యారు, ఏళ్ళ తరబడి జైలు. శత్రువు మెత్తనివాడు కాదు, శత్రువు చేతిలోని తుపాకీ పట్టుకున్నవాడు మనిషి. అహింస పనిచేసేది వాడి మీద.

తర్కం_అడయార్
పెషావర్ ఒప్పుకుంటాను. అయితే ఓడిపోయినవి కూడా చార్టు మీద పెట్టాలి. న్యూజీలాండ్ పరిహాక చూడండి, గాంధీ కంటే ముందు. తె ఫిటి అనే మావోరీ ఆధ్యాత్మిక నాయకుడు. 1879లో సర్కారు లాక్కున్న భూముల్ని ఆయన మనుషులు వెళ్ళి దున్నారు. అరెస్టు చేస్తే ఇంకొకళ్ళు నాగలి పట్టేవాళ్ళు. 1881 నవంబర్ 5న 1,600 మంది సాయుధులు ఊరి మీదికి వస్తే ఎదురొచ్చింది పాటలు పాడే పిల్లలు, రొట్టెలు. రక్తం చిందలేదు. కానీ ఊరు కూల్చారు, తె ఫిటిని విచారణ లేకుండా నెలల తరబడి నిర్బంధించారు, భూమి పోయింది. ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2017లో. 136 ఏళ్ళు! దీన్ని గెలుపంటారా?

మైలాపూర్_వేదవతి
అనను. కానీ ఎందుకు ఓడింది అన్నది చూడండి. సర్కారుకి పరిహాక జనంతో పనిలేదు, భూమితోనే పని. న్యూకాసిల్‌లో గని యజమానికి కూలీ కావాలి, అమెరికాలో మాంట్‌గోమరీ ఊళ్ళో బస్సు కంపెనీకి టికెట్టు డబ్బు కావాలి. నీ సహకారం వాడికి అవసరమైతేనే నీ నిరాకరణకి విలువ. అవసరం లేనిచోట దూరాన ఉన్న మూడోవాడు చూడాలి, 1881లో పరిహాక ఉన్న తరనకి ప్రాంతంలో ఆ మూడోవాడు లేడు. పత్రికలవాళ్ళని ఊళ్ళోకి రానివ్వకుండా ఆపారు కూడా. గుజరాత్‌లో ధరాసన ఉప్పు మళ్ళ దగ్గర 1930 మే 21న వెబ్ మిల్లర్ అనే అమెరికన్ విలేకరి ఉన్నాడు, ఆసుపత్రి షెడ్డులో 320 మంది గాయపడ్డవాళ్ళని లెక్కపెట్టి రాశాడు. తేడా అదే.

సెంట్రల్_స్టేషన్
మాంట్‌గోమరీ పేరు వచ్చింది కాబట్టి ఆ భాగం నాది. మార్టిన్ లూథర్ కింగ్ పాస్టరు, అప్పటికి ఇరవైయ్యారేళ్ళవాడు. బస్సుల్లో నల్లవాళ్ళని వేరుగా కూర్చోబెట్టడం మీద పోరాటం. 1955 డిసెంబర్ 5 నుంచి 1956 డిసెంబర్ 20 దాకా, 381 రోజులు నల్లవాళ్ళు బస్సెక్కలేదు. ఇందులో ఉపన్యాసం పాత్ర తక్కువ, రవాణా పాత్ర ఎక్కువ.

మొదలవడానికి ముందే ఒక రాత్రి జో ఆన్ రాబిన్సన్ అనే కాలేజీ టీచరు స్టెన్సిల్ యంత్రం మీద వేలకొద్దీ కరపత్రాలు తీసింది. మొదట నల్లవాళ్ళ టాక్సీలు బస్సు రేటుకే, పది సెంట్లకే, ఎక్కించుకున్నాయి. నగరం ‘కనీస చార్జీ’ చట్టం బయటికి లాగింది, టాక్సీ దారి మూసుకుంది. అప్పుడు సొంత కార్లతో వంతులు, సుమారు 300 కార్లు, ఎక్కే చోట్లూ దిగే చోట్లూ గీసిన పట్టిక. ఈ పట్టిక ఆలోచన 1953లో బాటన్ రూజ్‌లో జెమిసన్ అనే పాస్టరు చేసినదాన్నుంచి అడిగి తెచ్చుకున్నది. తర్వాత దెబ్బ బీమా మీద: స్థానిక కంపెనీలు కార్ల పాలసీలు రద్దుచేశాయి. లండన్ లాయిడ్స్ దగ్గర తీసుకోవాల్సి వచ్చింది. 1956 నవంబర్ 13న కార్ల ఏర్పాటు ఆపమని కోర్టు ఉత్తర్వు వస్తున్న రోజే, బస్సుల్లో వేరుచెయ్యడం చెల్లదన్న తీర్పుని సుప్రీంకోర్టు ఖాయం చేసింది.

కింగ్ పుట్టుకతో అహింసావాది అని చెప్పకండి. 1956 జనవరి 30న ఇంటి మీద బాంబు పడ్డాక తుపాకీ లైసెన్సుకి దరఖాస్తు పెట్టాడు. ఇంట్లో ఆయుధాలుండేవి. బేయర్డ్ రస్టిన్, గ్లెన్ స్మైలీ వచ్చి కూర్చుని మాట్లాడాక అవి పోయాయి. 1959 ఫిబ్రవరి, మార్చిలో ఇండియా తిరిగాడు, మద్రాసూ బెంగళూరూ ఆ దారిలో ఉన్నాయి.

ఓడరేవు
జేమ్స్ లాసన్‌ని మర్చిపోయారు. నాగపూర్ హిస్లాప్ కాలేజీలో మూడేళ్ళు ఉన్న అమెరికన్ మెథడిస్టు. మాంట్‌గోమరీ వార్త నాగపూర్‌లోనే చదివాడు. గాంధీ పద్ధతి అమెరికా చేరిన దారుల్లో ఇదీ ఒకటి, మన పక్కనుంచే.

సెంట్రల్_స్టేషన్
అక్కడికే వస్తున్నా. 1959లో నాష్‌విల్‌లో ఆయన చర్చి గదిలో పెట్టిన తరగతులు దీనికి గుండెకాయ. నల్లవాళ్ళకి వడ్డించని భోజన కొట్లలో వెళ్ళి కూర్చోవడానికి శిక్షణ అది. కుర్చీలు వరసగా వేసి కొట్టు బల్లలా పెడతారు. సగం మంది కూర్చునేవాళ్ళు, సగం మంది రౌడీలు. రౌడీలు తిడతారు, జుట్టు లాగుతారు, కుర్చీ కింద నుంచి తన్నేస్తారు. కింద పడితే తల ఎలా కాపాడుకోవాలో, పక్కవాడు కొట్టించుకుంటుంటే మధ్యలోకి ఎలా రావాలో సాధన. కోపం వచ్చినవాడికి సిగ్గేం లేదు, ‘నేను లైన్లో ఉండలేను’ అంటే ఫోను దగ్గరో కారు దగ్గరో పని ఇస్తారు. అందర్నీ ముందుకి తొయ్యకపోవడం వల్లే అది నిలిచింది. నియమాలు చీటీ మీద: తిరిగి కొట్టకు, తిట్టకు, నవ్వకు, నిటారుగా బల్ల వైపే చూస్తూ కూర్చో, ఏం జరిగినా నాయకుడికి చెప్పు. 1960 ఫిబ్రవరి 13న మొదలు, ఫిబ్రవరి 27న 81 మంది అరెస్టయితే లేచిన చోట వెంటనే ఇంకో వరస కూర్చుంది. మే 10న ఆ కొట్లు నల్లవాళ్ళకీ తెరిచారు.

రాఘవ గారూ, స్టేజి మీద ఉప్పు కాచేకంటే ఈ తరగతి రెండు నిమిషాలు ఆడి చూపించండి. నాలుగు కుర్చీలు చాలు.

తర్కం_అడయార్
ఆల్బనీ చెప్పండి, ఆల్బనీ. అందరూ దాటేస్తారు.

సెంట్రల్_స్టేషన్
చెప్తాను. జార్జియాలో ఆల్బనీ, 1961 చివర నుంచి 1962 వేసవి దాకా. పోలీసు చీఫ్ లారీ ప్రిచెట్ గాంధీ గురించి చదువుకున్నాడు! జైళ్ళు నింపడమే వీళ్ళ ఎత్తని గ్రహించి చుట్టుపక్కల జిల్లాల జైళ్ళతో ముందే మాట్లాడి అరెస్టయినవాళ్ళని అక్కడికి పంచేశాడు. కెమెరాల ముందు పోలీసులు చెయ్యెత్తలేదు. జైలు నిండలేదు, ఫొటో దొరకలేదు, మనుషులు అయిపోయారు. పైగా గురి ఒకటి కాదు: బస్సులు, పార్కులు, లైబ్రరీ, ఓట్లు అన్నీ ఒకేసారి.

1963లో బర్మింగ్‌హామ్‌కి అదే పాఠం తిప్పి వాడారు. గురి ఊరంతా కాదు, నడిబొడ్డు దుకాణాలు. వయట్ టీ వాకర్ ముందే వెళ్ళి ఏ కొట్లో ఎన్ని కుర్చీలున్నాయో లెక్కపెట్టాడు, చర్చి నుంచి అక్కడికి ఎన్ని నిమిషాల నడకో చూసుకున్నాడు. ఈస్టర్ కొనుగోళ్ళ వేళ ఎంచుకున్నారు, మన దీపావళికి టి.నగర్ రంగనాథన్ వీధి ఎలా ఉంటుందో అలాంటి వేళ.

మైలాపూర్_వేదవతి
మన పక్క పొరపాట్లు కూడా చెప్పాలి. 1919 మార్చిలో గాంధీ మద్రాసులోనే ఉన్నాడు, కెథెడ్రల్ రోడ్డులో రాజాజీ ఇంట్లో. దేశమంతా ఒకరోజు పని ఆపి ఉపవాసం ఉండాలన్న ఆలోచన తెల్లవారుజామున అక్కడే తట్టింది. మొదట మార్చి 30 అనుకుని, ఏప్రిల్ 6కి మార్చారు. మార్పు సంగతి ఢిల్లీకి సమయానికి అందలేదు. అక్కడ 30నే హర్తాళ్, కాల్పులు, చావులు. తర్వాత అహ్మదాబాదులో అల్లర్లు. శిక్షణ లేని జనానికి చట్టధిక్కారం చేతికిచ్చాను, హిమాలయమంత పొరపాటు అని తానే ఒప్పుకున్నాడు. 1930లో ఆశ్రమంవాళ్ళతో మాత్రమే మొదలుపెట్టడానికి మూలం ఇది.

ఎల్లయ్య గారూ, పెదనందిపాడు మీరు చెప్తారా?

పెరంబూర్_ఎల్లయ్య
చెప్పకుండా ఎలా. 1922 మొదట్లో గుంటూరు జిల్లా పెదనందిపాడు ఫిర్కాలో (కొన్ని ఊళ్ళు కలిసిన రెవెన్యూ విభాగం) పర్వతనేని వీరయ్య చౌదరి గారి నాయకత్వంలో శిస్తు నిరాకరణ. శాంతిసేన అని కాపలా దళం. జప్తు చేసిన సరుకు వేలం పాటకి పాడేవాడు ఉండేవాడు కాదు. కరణాలూ మునసబులూ రాజీనామాలిచ్చారు. సర్కారు పునాది అక్కడే కదా, ఊళ్ళో చిట్టా పుస్తకం రాసేవాడు. ఫిబ్రవరి 4న చౌరీచౌరాలో జనం 22 మంది పోలీసుల్ని చంపారు. 12న బార్డోలీలో గాంధీ మొత్తం ఆపేశాడు. గోరఖ్‌పూర్ జిల్లాలో జరిగినదానికి గుంటూరు జిల్లా ఎందుకు ఆగాలి అని అప్పుడూ కోపమే, ఇప్పుడూ కోపమే. నా మటుకు, ఆపమంటే ఆగేంత పట్టు ఉన్న నాయకుడే అహింసని నడపగలడు. కానీ ఆ పట్టుకి ధర ఉంది, ఆ ధర పెదనందిపాడు కట్టింది.

తర్కం_అడయార్
పట్టు ధర అంటే ఇంకొకటి ఉంది. 1932 సెప్టెంబర్ 20న యెరవాడ జైల్లో గాంధీ ఉపవాసం. ఎదురు ఉన్నది వైస్రాయి కాదు, అంబేడ్కర్. దళితులకి విడి నియోజకవర్గాలు వదులుకోక తప్పని స్థితిలో 24న ఒప్పందం. వాళ్ళకి కేటాయించిన సీట్లు 71 నుంచి 148కి పెరిగాయి, మద్రాసు ప్రెసిడెన్సీకి 30. కానీ మహాత్ముడు పోతే నీ మనుషుల ఊళ్ళు తగలబడతాయన్న భయం నెత్తి మీద ఉండగా చేసిన సంతకం స్వేచ్ఛగా చేసిందా? 1927లో మహాడ్ చెరువు నీళ్ళ మీద దళితుల హక్కు కోసం అంబేడ్కర్ చేసిందీ సత్యాగ్రహమే, దాన్ని కూడా చార్టులో పెట్టండి. ఆధ్యాత్మిక నాయకుడి శరీరం ఆయుధమైతే ఎదుటివాడికి కాదనే దారి ఉండదు. ఇది చెప్పకుండా దిగితే మీది పూజ.

మైలాపూర్_వేదవతి
దీనితో నాకు పేచీ లేదు. ఉపవాసం ప్రేమించేవాడి మీదే చెయ్యాలన్నది గాంధీ పెట్టుకున్న నియమమే, 1932లో అది నిలబడిందా అన్నది శ్రోతలకి వదిలెయ్యండి.

తిరువల్లిక్కేణి_రాఘవ
అందరికీ నమస్కారం. ఇలా సర్దాను. ఒకటి: ఉప్పు లెక్క, 82 పౌన్ల మణుగుతో. రెండు: న్యూకాసిల్ రొట్టె, వేదారణ్యం పొట్లం పక్కపక్కన. మూడు: 1919, 1922 పొరపాట్లు, అందులో పెదనందిపాడు. నాలుగు: పెషావర్, పరిహాక ఎదురెదురు. ఐదు: మాంట్‌గోమరీ కార్ల పట్టిక, ఆల్బనీ. ఆరు: మహాడ్, యెరవాడ. కుర్చీల తరగతి మధ్యలో. ఎవరైనా ఇలాంటి పోరాటాలు ఎంత శాతం గెలిచాయని అడిగితే?

ఓడరేవు
1900 నుంచి 2006 దాకా 323 పోరాటాలు చూసిన ఎరికా చెనోవెత్, మరియా స్టెఫాన్‌ల అధ్యయనం ఉంది. అహింసా పోరాటాల్లో గెలిచినవి 53 శాతం, సాయుధమైనవి 26 శాతం. సగం దాకా పూర్తిగా గెలవలేదని కూడా అందులోనే ఉంది, రెండో ముక్క మింగకండి.

ఉప్పుమడి
రాఘవ గారూ, ఒక్క మాట. పావు లీటరుకి దించిన నీళ్ళు ఇనప మూకుట్లో కాయకండి, తుప్పు రంగెక్కుతుంది. స్టీలు గిన్నె తెచ్చుకోండి, ఇండక్షన్ పొయ్యి అయితే ఆ హాలువాళ్ళు ఏమీ అనరు. జిప్సం మసక వెనక వరసకి కనపడాలంటే గిన్నె మీద ఫోను పెట్టి తెర మీద చూపించండి.

తిరువల్లిక్కేణి_రాఘవ
సరేనండీ. కుర్చీల తరగతికి రౌడీలు ఇద్దరు కావాలి. తర్కం గారూ, మీరు ఆదివారం ఖాళీయేనా?

తర్కం_అడయార్
ఖాళీయే. ఎదురు మాట్లాడటం నాకు కొత్తా?